చెవుల బాబాయ్ రేడియోకి బిగించిన తెర

మా వీధిలో ఆయన్ని అందరూ చెవుల బాబాయ్ అంటారు. మొదట్లో అది వెక్కిరింపేనట. పొద్దున లేచింది మొదలు కిటికీ పక్కన కూర్చుని, పక్క ఫ్యాక్టరీ వాళ్ళు వాకీటాకీల్లో మాట్లాడుకునేదంతా వింటూ ఉంటాడని పెట్టిన పేరు. మేము ఆయన ఇంటి పైవాటాలోకి అద్దెకి దిగేనాటికి వెక్కిరింపు పోయి పేరు మాత్రం మిగిలింది.

ఫ్యాక్టరీ అంటే మరీ పెద్దదేం కాదు. చేపలూ పళ్ళూ నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజ్, దాన్ని ఆనుకుని ఐస్ తయారీ. చల్లబరిచేది అమ్మోనియాతో. మా మేడ మీద నిలబడితే దాని గోడ కనిపిస్తుంది. నేను చదివింది భౌతికశాస్త్రం, చేసేది కాలేజీ ల్యాబులో ఉద్యోగం. గాలిలో అమ్మోనియా ఎంత ఉంటే కళ్ళు మండుతాయో, ఎంత ఉంటే ఊపిరి ఆడదో నాకు అంకెలతో సహా తెలుసు. తెలియకపోయి ఉంటే బాగుండేదని పాప పుట్టాక చాలాసార్లు అనుకున్నాను. మావారికి వేరే ఊళ్ళో షిఫ్టు డ్యూటీ, వారానికోసారి వస్తారు. నడక కూడా సరిగ్గా రాని పిల్లల్ని తీసుకునే క్రెష్ మా చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అది సరిగ్గా ఆ గోడ పక్కనే ఉంది.

పాపని అక్కడ వదలగలిగానంటే బాబాయ్ ఉన్నాడన్న ధైర్యంతోనే.

ఆయన ఆ ఫ్యాక్టరీలోనే ఇరవయ్యారేళ్ళు వైర్‌లెస్ సెట్లు బాగుచేశాడు. ఆయన రిటైరయిన ఏడాదే పాత సెట్లన్నీ తీసేసి డిజిటల్‌వి తెచ్చారు. తను చేత్తో బతికించిన సెట్లని తూకానికి అమ్మేశారని కొన్నాళ్ళు అలిగి, ఆ తర్వాత తనే వెళ్ళి ఒక డిజిటల్ స్కానర్ కొనుక్కొచ్చాడు. అరచేతికంటే కాస్త పెద్ద రేడియో అది. వినడానికే తప్ప మాట్లాడడానికి పనికిరాదు. ఫ్యాక్టరీ వాకీటాకీలకి నాలుగు లైన్లు ఉన్నాయి: గేటు, లోడింగ్, భద్రత, యంత్రాల గది. అమ్మోనియా పంపులుండేది ఆ యంత్రాల గదిలోనే. ఎవరు ఏ లైను మీద నోరు తెరిచినా స్కానర్ దాన్ని వెతికి పట్టుకుంటుంది.

మేము రాకముందు, నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, ఏ సైరనూ మోగకముందే బాబాయ్ లేచి వీధిలో ఇంటింటికీ తిరిగి కిటికీలు మూయించాడట. పావుగంట తర్వాత ఘాటు వచ్చింది. అప్పటినుంచి ఎవరూ నవ్వలేదు.

మాటలు వినడం ఎవరైనా వింటారు, నేను వినేది మాటకి ముందున్న ఖాళీని అనేవాడు ఆయన. మామూలప్పుడు మనిషి బటన్ నొక్కుతూనే మాట్లాడేస్తాడు. చెప్పాల్సింది చెడ్డదైతే బటన్ ముందు నొక్కుతాడు, మాట ఒక క్షణం ఆగి వస్తుంది. యంత్రాల గదిలో ఒక ఇంజనీరు ఉండేవాడు. బాబాయ్ అతన్ని ఎప్పుడూ కళ్ళారా చూడలేదు, కానీ నసుగుడు అని పేరు పెట్టాడు. ఏదైనా చెడగానే ఆ ఇంజనీరు "ఊఁ" అని సాగదీసి గానీ అసలు సంగతి చెప్పేవాడు కాదట. వాడికి పెళ్ళాం భయం ఎక్కువై ఉంటుందని బాబాయ్ ఊహ. అలాంటి భయం ఈ ఇంట్లో ఎవరికీ లేకపోవడమే నా ఖర్మ అని పిన్ని జవాబు. పిన్ని అంటే ఆయన భార్య. మోకాళ్ళు అరిగిపోయి, నోరు మాత్రం ఏమీ అరగని మనిషి.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. రోజూ ఎనిమిదింటికి పాపనెత్తుకుని మెట్లు దిగి ఆయన కిటికీ ముందు ఆగేదాన్ని. ఆయన అప్పటికి గంటసేపు విని ఉండేవాడు. అరచేయి తెరిచి చూపిస్తే పాప క్రెష్‌కి వెళ్ళొచ్చు. పిడికిలి మూస్తే వెనక్కి తిప్పి ఇంటికి తీసుకెళ్ళాలి. అప్పటికి పద్నాలుగు నెలల్లో పిడికిలి మూసింది ఒక్కసారే, ఆరోజు జరిగింది ఉత్తుత్తి అభ్యాసమని తర్వాత తేలింది. కాలేజీకి సెలవు పెట్టినందుకు నేనేమీ బాధపడలేదు. పాప కూడా అరచేయి చూపించడం నేర్చుకుంది. దారిన పోయే కుక్కలకి కూడా చూపించేది.

ఆయనకి చక్కెర జబ్బు. అది ముందు కంటి మధ్యలోకి మసక తెచ్చింది, తర్వాత వేలి కొసల్ని మొద్దుబార్చింది. స్కానర్ మీది అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి, కాబట్టి కంటితో ఎలాగూ చదవలేడు. నాబ్ తిప్పుతూ వేలికి తగిలే టిక్కుల్ని లెక్కపెట్టుకునేవాడు. చివరినుంచి ఏడు టిక్కులు వెనక్కి వస్తే ఫ్యాక్టరీ. వేలు మొద్దుబారాక ఆ లెక్క తప్పడం మొదలైంది. ఒకరోజు పొద్దంతా ట్యాక్సీ కంపెనీ లైను విని, ఫ్యాక్టరీ ప్రశాంతంగా ఉందని చెప్పాడు. ఎవరో స్టేషనుకి ఆలస్యమైందని అరుస్తున్నాడేమిటని పిన్ని అడిగితే, మేనేజర్ ఊరెళ్తున్నాడేమోలే అన్నాడట. పిన్ని ఈ కథ చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. మేడెక్కాక గుర్తొచ్చింది. ఆ పొద్దున కూడా ఆయన అరచేయి తెరిచే చూపించాడు.

స్కానర్‌కి ఒక తాకే తెర బిగిస్తానని మర్నాడే నేను చెప్పాను. పెద్దాయనకి సాయం చేస్తున్నానని వీధిలో అందరూ మెచ్చుకున్నారు. నిజానికి అది భయంతో చేసిన పని.

మూడు ఆదివారాలు పట్టింది. ఏడంగుళాల తెర, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన ఒక కంప్యూటర్ బోర్డు, వాటికి కరెంటివ్వడానికి ఇంట్లో పడున్న పాత ఫోన్ చార్జర్. స్కానర్ పక్కనున్న రంధ్రంలోంచి ఒక కేబుల్ బోర్డుకి. ఏ లైను మాట్లాడుతోందో బోర్డు అడిగి తెలుసుకుని, ఆ పేరుని రెండు వేళ్ళ ఎత్తు అక్షరాలతో తెర మీద చూపిస్తుంది. పేరు మీద వేలు పెడితే రేడియో ఆ లైను మీదే ఆగుతుంది, ఇంకోసారి పెడితే మళ్ళీ అన్నీ వెతుకుతుంది. ప్రోగ్రాం నేనే రాశాను. అన్నీ కలిపి పిన్ని కుట్టుసామాను పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలో అమర్చాను. సూదులూ దారపు ఉండలూ చేటలోకి వంపేసి, ఈ ఇంట్లో నాదని ఒక్క డబ్బా ఉండేది, అది కూడా ఆ రేడియో పాలే అయిందని పిన్ని వారం రోజులు అంది.

తెరకీ బోర్డుకీ మధ్య ఉండే రిబ్బనులాంటి చదును కేబుల్ కాస్త పొడుగెక్కువైంది. దాన్ని మడతపెట్టి డబ్బా వెనక దోపాను. మేడ మీది ఆంటెన్నానుంచి వచ్చే వైరు కూడా అటునుంచే రేడియోలోకి వెళ్తుంది. బాబాయ్ వేళ్ళతో తడిమి చూశాడు. చూపు తగ్గాక ఆయన ఏదైనా అలాగే చూసేవాడు.

"కరెంటు వైర్లనీ ఆంటెన్నా వైరునీ ఒక్క మంచం మీద పడుకోబెట్టకమ్మాయ్," అన్నాడు.

అది పెద్ద సెట్ల సంగతి బాబాయ్‌గారూ, ఇందులో ఉన్నది అయిదు వోల్టులే అని నవ్వాను. ఆయన డబ్బా మీదనుంచి చెయ్యి తీసేశాడు. చదువుకున్నదాన్నని నా మీద గౌరవం.

తెర మీద మొదటిసారి 'గేటు' అని వెలిగినప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. ఏళ్ళ తరబడి చెవితో మాత్రమే తెలిసిన మనిషి గుమ్మంలో నిలబడ్డట్టు ముందుకి వంగి చూశాడు. సోల్డరింగ్‌తో కాయలు కాసిన వేలికొసల్ని తెర గుర్తుపట్టేది కాదు. వేలిని మడిచి కణుపుతో తాకడం నేర్చుకున్నాడు. తలుపు కొట్టి లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టుందని పిన్ని అనేది.

రెండో వారానికి ఆయన ఒక మాట అన్నాడు. యంత్రాల గది మునుపట్లా మాట్లాడటం లేదట. గేటు వాళ్ళు, లోడింగ్ వాళ్ళు మామూలుగానే వాగుతున్నారు, నసుగుడు మాత్రం మూగనోము పట్టాడన్నాడు. ఫోన్లు వాడుతున్నారేమో అన్నాను. సరేనన్నాడు. మరో రెండు రోజులకి ఇంకో విచిత్రం చెప్పాడు. పది నిమిషాలు ముట్టుకోకపోతే తెర ఆరిపోయేలా నేను పెట్టి ఉంచాను. అది ఆరిపోయాక యంత్రాల గది మాటలు వస్తాయట. ఎవరా అని చూద్దామని తాకితే తెర వెలుగుతుంది, మాట ఆగిపోతుంది.

"నువ్వు ముట్టుకుంటే నోరు మూసుకుంటున్నారా?" అంది పిన్ని. "పెళ్ళయిన కొత్తలో నేనూ అంతేగా."

నేను కూడా నవ్వాను. మనసులో మాత్రం చక్కెర జబ్బు చెవుల దాకా వచ్చిందేమో, ఇక ఈయన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని లెక్కలేసుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. తెర అస్తమానం ఆరిపోతుంటే పెద్దాయన తికమకపడుతున్నాడని, అది ఎప్పుడూ ఆరకుండా వెలిగే ఉండేలా ప్రోగ్రాం మార్చాను. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఆరోజునుంచి యంత్రాల గది పూర్తిగా మూగబోయింది. ఆ లైను ఖాళీగా, ప్రశాంతంగా ఉందని తెర ఆకుపచ్చ రంగులో చూపించేది. ఆ పచ్చ రంగుని నమ్మి పదకొండు పొద్దులు ఆయన అరచేయి తెరిచాడు. పదకొండు పొద్దులు నేను పాపని గోడ పక్కన దింపి కాలేజీకి వెళ్ళాను.

పన్నెండో రోజు గురువారం. కాలేజీలో పరీక్షలు, ల్యాబుకి పని లేదు. పాపని దింపి వచ్చి, అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేద్దామని బాబాయ్ పక్కన కూర్చున్నాను. పదకొండు దాటింది. ఇంటి కరెంటు పోయింది. చార్జర్ ఆగిపోయింది, తెర నల్లబడింది. స్కానర్ లోపల దాని బ్యాటరీలు దానికున్నాయి, అది ఆగలేదు.

ఫ్యాను తిరగడం ఆగింది. తర్వాత రేడియోలోంచి యంత్రాల హోరు వినిపించింది. ఎవరో బటన్ నొక్కారు, మాట రాలేదు. బాబాయ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఊఁ... మళ్ళీ ఆ రెండో పంపు దగ్గరే. నిన్నటికన్నా ఎక్కువుంది. మాస్కు లేకుండా ఎవరూ లోపలికి రావద్దు."

నిన్నటికన్నా అన్నాడు. ఆ మాట నా తలలోకి దిగేలోపే కరెంటు వచ్చింది. తెర తెల్లగా వెలిగింది. సరిగ్గా అదే క్షణంలో రేడియో నోరు కట్టేసినట్టు ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది. తెర వెలిగి ఉన్నంతసేపూ ఆ చదును కేబులూ ఆ నాసిరకం చార్జరూ సన్నని రొదని గాలిలోకి వదులుతూనే ఉంటాయి. నేను దాన్ని తీసుకెళ్ళి ఆంటెన్నా ఒళ్ళో పడుకోబెట్టాను. పాత రేడియో అయితే బుస్సుమని చెప్పేసేది. డిజిటల్ రేడియో బుస్సుమనదు. మాట తెలిస్తే వినిపిస్తుంది, తెలియకపోతే ఊరుకుంటుంది. గేటు దగ్గరివి బలమైన సిగ్నళ్ళు, రొదని దాటుకుని వచ్చాయి. మందపాటి గోడల మధ్యనుంచి బలహీనంగా వచ్చే యంత్రాల గదే ముందు మునిగిపోయింది. నేను ఏటా పిల్లలకి ల్యాబులో చూపించే పాఠం ఇది.

నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. బాబాయ్ తడిమి పట్టుకుని, తెర కేబుల్ని ఒక్క గుంజు గుంజాడు. డబ్బా మూత ఎగిరి పడింది. మాటలు తిరిగొచ్చాయి. ఎవరో గాలి ఎటుందని అడుగుతున్నారు.

గోడవైపు అని జవాబు వచ్చింది.

"ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పరిగెత్తు," అన్నాడు బాబాయ్. "గేటు ముందునుంచి వెళ్ళకు. కుడి సందులోంచి వెళ్ళు."

మా ఇంటినుంచి క్రెష్‌కి నాలుగువందల ముప్ఫై అడుగులు. ఎప్పుడో లెక్కపెట్టుకున్నవే. ఆరోజు అవి తరగలేదు. ఫోన్‌లో బాబాయ్ గొంతు నిదానంగా, రేడియోలో ఏం విన్నాడో అదే చెబుతూ వచ్చింది. వాల్వు తిరగడం లేదంటున్నారు. ఇద్దరు మాస్కులు పెట్టుకుని లోపలికి వెళ్ళారు. ఒకడు బయటికి వచ్చాడు. రెండోవాడు ఇంకా రాలేదు. వెనకాల పిన్ని ఇంటి ఫోన్‌లో ఫైరింజన్ వాళ్ళకి దారి చెబుతోంది. సైరన్ మాత్రం మోగడం లేదు.

క్రెష్‌లో పిల్లలు చాపల మీద పడుకుని ఉన్నారు. ఫ్యాక్టరీనుంచి ఎవరూ ఏమీ చెప్పలేదంది టీచరమ్మ. పడమటి కిటికీ తెరిచి ఉంది. మరుగుదొడ్డి కంపులాంటి సన్నని ఘాటు అప్పుడే గదిలోకి వచ్చింది. ఎవరో పిల్లాడు పాడు చేసుకున్నాడేమోనని ఆయా ఒక్కొక్కరినీ ఎత్తి చూస్తోంది.

నేను అరవలేదు. అరిస్తే పిల్లలు గాలి ఎక్కువ పీలుస్తారని అంత పరుగులోనూ గుర్తుంది. గుడ్డలు తడిపి మూతులకి పెట్టాం. నడిచేవాళ్ళకి తాడు పట్టించి, నడవలేని అయిదుగురినీ ఒకే చక్రాల తొట్టెలో వేసి, వంటగది తలుపునుంచి బయటికి తీశాం. గాలికి ఎదురూ కాదు, గాలి వెంటా కాదు, అడ్డంగా నడవాలి. ఎటు తిరగాలో బాబాయ్ చెబుతున్నాడు. మొత్తం పద్నాలుగు మంది పిల్లలు. బయటికి తీస్తూ లెక్కపెట్టాను, నా కూతురు పదకొండోది. నా భుజం మీదనుంచి వెనక్కి చూస్తూ దగ్గుతూ, క్రెష్ గోడకి అరచేయి తెరిచి చూపిస్తోంది.

మేము పెద్ద రోడ్డు చేరాక ఇంకో ఇరవై నిమిషాలకి సైరన్ మోగింది.

పాప రెండు రోజులు దగ్గింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. ఫ్యాక్టరీలో రెండోవాణ్ణి స్పృహ లేకుండా బయటికి తెచ్చారు, బతికాడు. అతనే నసుగుడని బాబాయ్‌కి తర్వాత తెలిసింది. ఆసుపత్రికి వెళ్ళి అతని మంచం పక్కన కాసేపు కూర్చుని వచ్చాడు. ఎవరని అడిగితే చెప్పలేదట.

విచారణకి అధికారులు వచ్చారు. లీకు ఆరోజే మొదలైందని ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పారు. బాబాయ్ కర్ర పట్టుకుని వెళ్ళి, 'నిన్నటికన్నా' అన్న మాట తన చెవులతో విన్నానని చెప్పి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను.

తెరని మళ్ళీ బిగించాను. ఈసారి రేకు డబ్బాలో పెట్టి, కేబుల్ పొట్టిది వేసి, మంచి చార్జర్ తెచ్చి, ఆంటెన్నా వైరుని ఇంకో కిటికీలోంచి తెచ్చాను. కాలేజీ పరికరాలతో కొలిచి చూపించాను. బాబాయ్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పిన్నయినా తిడితే బాగుండేది, ఆమె కూడా తిట్టలేదు. తన కుట్టు డబ్బాని వెనక్కి అడిగి తీసుకుంది, అంతే.

క్రెష్‌ని గోడ పక్కనుంచి మా వీధి చివరికి మార్చారు. ఫ్యాక్టరీకి దూరం మూడొందల అడుగులు పెరిగింది. అంతకంటే దూరంలో ఇంత చిన్నపిల్లల్ని తీసుకునేవాళ్ళు దొరకలేదు.

విచారణ ముగిసిన పది రోజులకి ఫ్యాక్టరీ వాళ్ళు బయటివాళ్ళకి మాట వినబడకుండా తమ లైన్లన్నిటికీ ఎన్‌క్రిప్షన్ తాళం వేసేశారు. ఇప్పుడు ఎవరు మాట్లాడినా స్కానర్‌కి ఆ సంగతి తెలుస్తుంది, మాట మాత్రం తెలియదు. తెర మీద పేరు వెలుగుతుంది, గదిలో ఏ చప్పుడూ ఉండదు. పేరు ఆరిపోతుంది.

"వినేవాణ్ణి," అన్నాడు బాబాయ్. "ఇప్పుడు కంటి మసకలోంచి చూసేవాణ్ణయ్యాను."

పేరు ఎన్ని సెకన్లు వెలిగి ఉందో దాని పక్కనే అంకె వేయమని నన్ను అడిగాడు. వేశాను. మామూలు మాట అయిదారు సెకన్లు ఉంటుంది. యంత్రాల గది గంటకి మూడు నాలుగు సార్లు వెలుగుతుంది. నెలరోజులుగా ఆయన వినడానికి బదులు ఆ అంకెల్ని చూస్తూ కూర్చుంటున్నాడు. పొద్దున్నే నేను ఆగితే అరచేయి చూపిస్తున్నాడు గానీ మునుపట్లా వెంటనే కాదు. చెయ్యి సగం లేచి, కాసేపు ఆగి, తెరుచుకుంటోంది. మాటకి ముందున్న ఆ ఖాళీ ఆయన చేతిలోకి వచ్చినట్టుంది.

నిన్న ఎనిమిదింటికి పాపని ఎత్తుకుని కిటికీ ముందు ఆగాను. తెర వీధిలోకి కనిపించేలా ఉంటుంది. 'యంత్రాల గది' వెలిగి ఉంది. పక్కన పందొమ్మిది. ఆయన తెరకి ముఖం దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. ఇరవయ్యారు. పిన్ని కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన వెనకే నిలబడిపోయింది. పాప తన అరచేయి తెరిచి ఆయనకి చూపించింది, జవాబు కోసం ఎదురు చూసింది. నలభై ఒకటి. గాలి ఎటుందో నేను చెట్ల ఆకులు చూసుకున్నాను. యాభై ఎనిమిది.

పేరు ఆరలేదు. ఆయన నావైపు తిరక్కుండానే చెయ్యి పైకెత్తి, పిడికిలి మూశాడు.